పేరు అనాసది, లోపలి పూర్ణం బూడిద గుమ్మడిది



ఈసారి పోస్టు కొంచెం పెద్దది. పనుల మధ్యలో కాకుండా సాయంత్రం తీరిగ్గా కూర్చుని చదవండి. చెప్పబోయేది మన దేశం కథ కాదు. చైనా పక్కన సముద్రంలో ఉన్న తైవాన్ అనే దీవి కథ. ఎంత దీవి అంటే, మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలాంటివి రెండున్నర కలిపితే ఎంతో అంత. అక్కడి రైతులు అనాస పండిస్తారు. ఆ అనాస పేరుతో చేసే ఒక చిన్న తినుబండారం ఉంది. దాని వెనక నూట ఇరవై ఏళ్ళ రైతు చరిత్ర ఉంది. తోతాపురి మామిడి వేసి పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లతో నిలబడిన మనబోటి వాళ్ళకు ఆ చరిత్ర బాగా అర్థమవుతుంది. అందుకే రాస్తున్నా.

ముందు ఆ తినుబండారం ఏమిటో చెప్తా. మన కజ్జికాయ తెలుసు కదా, బయట పిండి, లోపల పూర్ణం. ఇదీ అలాంటిదే, కానీ నూనెలో వేయించరు, వేడి పొయ్యిలో కాలుస్తారు. మైదా, వెన్న, పాలపొడి, గుడ్డు కలిపిన పిండి లోపల అనాస పూర్ణం పెట్టి, అగ్గిపెట్టెకంటే కొంచెం పెద్ద బిళ్ళలాగా అచ్చులో ఒత్తి కాలుస్తారు. నోట్లో వేసుకుంటే పైపిండి ఇసుకలాగా రాలిపోతుంది, లోపల పులుపూ తీపీ కలిసిన ముద్ద తగులుతుంది. వాళ్ళ భాషలో ఫెంగ్ లీ సూ అంటారు. తైవాన్ వెళ్ళినవాళ్ళు తిరుపతి నుంచి లడ్డూ తెచ్చినట్టు ఈ బిళ్ళల పెట్టె తెచ్చుకుంటారు.

అనాస ఆ దీవిలో పుట్టిన పంట కాదు, మన దగ్గర పుట్టిందీ కాదు. దాని సొంత ఊరు దక్షిణ అమెరికా. అక్కడి ఆదివాసులు దాన్ని నానాస్ అనేవాళ్ళు. ఆ మాట పోర్చుగీసు వాళ్ళ నోట్లో అననాస్ అయింది, మన దగ్గరికొచ్చి అనాస అయింది. అంటే మనం రోజూ అనే ఈ మాట కూడా ఓడ ఎక్కి వచ్చిందే. పోర్చుగీసు వాళ్ళు 1500ల్లోనే మన పడమటి తీరానికి ఈ మొక్క తెచ్చారు. తైవాన్‌కు మాత్రం ఇంకా తర్వాత, దాదాపు మూడు వందల ఏళ్ళ కిందట, దక్షిణ చైనా నుంచి వలస వచ్చినవాళ్ళతో చేరింది.

ఆ జనం మాటలో అనాసను ఓంగ్ లాయ్ అంటారు. అదే ఉచ్చారణకు 'కలిసిరావాలి, కలిమి రావాలి' అనే అర్థం కూడా వస్తుంది. అందుకే పూజలో పెట్టడానికి, కొత్త అంగడి తెరవడానికి, పెళ్ళి మాట ఖాయం చేసుకోవడానికి అనాస మంచి శకునం. పెళ్ళికొడుకు వాళ్ళు పెళ్ళికూతురి ఇంటికి పెద్ద పెద్ద గుండ్రటి రొట్టెలు పంపే ఆచారం వాళ్ళది. మన సారె లాగా అనుకోండి. ఆ రొట్టెల్లో ఒకదాంట్లో అనాస పూర్ణం ఉండేది. ఇప్పుడు పెట్టెల్లో అమ్ముతున్న చిన్న బిళ్ళకు తాత ఆ పెళ్ళి రొట్టే. రానురాను దాన్ని ఒక్క మనిషి ఒక్కసారికి తినగలిగే సైజుకు తగ్గించారు.

ఇక రైతు కథలోకి వద్దాం.

1895 నుంచి 1945 దాకా తైవాన్ జపాన్ చేతిలో ఉంది. 1902లో దక్షిణాన ఫెంగ్‌షాన్ అనే చోట అనాస ముక్కలను డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ పెట్టారు. అక్కడి నుంచి పంట రూపమే మారిపోయింది. అంతకు ముందు అక్కడ పెరిగేది చిన్న కాయ, పీచు ఎక్కువ, కళ్ళు లోతు. తినడానికి ఫరవాలేదు కానీ డబ్బాకు పనికిరాదు. డబ్బాకు కావాల్సింది నిలువుగా, స్తంభంలాగా పెరిగే కాయ. చెక్కు తీసి అడ్డంగా కోస్తే ముక్కలన్నీ ఒకే కొలతలో రావాలి, ముక్క డబ్బాలో సరిగ్గా కూర్చోవాలి. అప్పటికే హవాయిలో ఈ పని యంత్రంతో చేస్తున్నారు. 1911లో హెన్రీ గినాకా అనే ఇంజనీరు కాయ చెక్కు తీసి, మధ్యలో ఊచ తీసేసే మిషను తయారుచేశాడు. హవాయిలో వేసేది స్మూత్ కేయెన్ అనే రకం. ఆకులకు ముళ్ళు తక్కువ, కాయ స్తంభంలాగా ఉంటుంది. 1920ల్లో ఆ రకాన్నే తైవాన్‌కు తెచ్చి రైతులతో వేయించారు.

గమనించండి. ఏ రకం వెయ్యాలో చెప్పింది తినేవాడు కాదు, పండించేవాడు కాదు. డబ్బా చెప్పింది. మన దగ్గర తోతాపురి కథ కూడా ఇదే కదా. ఇంట్లో పిల్లలు అడిగేది బంగినపల్లి, ఇమాంపసందు. తోటల్లో ఎక్కువ ఉండేది తోతాపురి. ఎందుకంటే గుజ్జు ఫ్యాక్టరీకి కావాల్సింది అదే.

1930లు వచ్చేసరికి డబ్బా అనాసలో ప్రపంచంలో హవాయి, మలయా తర్వాత మూడో స్థానం తైవాన్‌దే. చూడ్డానికి గొప్పగానే ఉంది. కానీ 1935లో ఫ్యాక్టరీలన్నిటినీ కలిపి ఒకే పెద్ద కంపెనీ కిందికి తెచ్చారు. ఇదివరకు ఒకడు తక్కువిస్తే ఇంకొకడి దగ్గరికి పోయే దారన్నా ఉండేది. ఇప్పుడు పండించేవాళ్ళు వేలమంది, కొనేవాడు ఒక్కడు. పిలక నాటితే కాయ చేతికి రావడానికి ఏడాదిన్నర పడుతుంది. కోశాక మాగిన కాయ వారం ఆగదు. ఏడాదిన్నర పెట్టుబడి పెట్టినవాడు వారంలో అమ్ముకోవాలంటే బేరం ఎవరి చేతిలో ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ కాలంలోనే చెరకు రైతుల గొడవ ఇంకా పెద్దది. చెరకు వేసి కంపెనీ చేత తూకం వేయించుకునేవాడికంటే అమాయకుడు లేడని అక్కడ ఒక సామెతే పుట్టింది. 1925లో ఎర్లిన్ అనే ఊరి చెరకు రైతులు అడిగింది ఏమిటో చూడండి. కోతకు ముందే రేటు చెప్పండి, తూకం మా కళ్ళ ముందు వెయ్యండి, ఎరువు మాకు నచ్చిన చోట కొనుక్కోనివ్వండి. అంతే. దానికి పోలీసులు వచ్చారు, అరెస్టులు జరిగాయి. ఆ తర్వాతి ఏడాదే, 1926లో, దీవి మొత్తానికి రైతు సంఘం ఏర్పడింది. వందేళ్ళ కిందటి మాట ఇది. ఆ మూడు కోరికల్లో ఇవాళ మనం అడగనిది ఏదన్నా ఉందా?

రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్యాక్టరీలు దెబ్బతిన్నాయి. జపాన్ వెళ్ళిపోయింది. 1949లో కౌలు పంటలో నూటికి ముప్పై ఏడున్నర వంతులు మించకూడదని చట్టం చేశారు, 1953లో దున్నేవాడికే భూమి ఇచ్చారు. చిన్న రైతులు సొంత భూమిలో మళ్ళీ అనాస వేశారు, ఫ్యాక్టరీలు మళ్ళీ తిరిగాయి. 1971 నాటికి డబ్బా అనాస ఎగుమతిలో తైవాన్ ప్రపంచంలో మొదటి స్థానానికి వచ్చింది.

అంత ఎత్తుకు ఎక్కినది పదేళ్ళు కూడా నిలవలేదు. తైవాన్‌లో కూలీ రేట్లు పెరిగాయి. థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్ తక్కువ ధరకు డబ్బాలు ఇవ్వడం మొదలుపెట్టాయి. కొనే దేశాలు అటు తిరిగాయి. తైవాన్ ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. రైతు తప్పు ఏమీ లేదు. కాయ అదే, నేల అదే, చేసే చాకిరీ అదే. దూరదేశంలో ఎవరో లెక్క వేసుకుంటే ఇక్కడ తోట విలువ పోయింది.

మరి ఆ రైతులు ఏం చేశారు? చియాయి అనే ఊర్లో వాళ్ళ వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి వాళ్ళు పచ్చిగా కోసుకుని తినడానికి పనికొచ్చే తీపి రకాలు తయారుచేశారు. చేత్తో తుంచుకుని తినే రకం ఒకటి, సువాసన రకం ఒకటి, ఇలా చాలా వచ్చాయి. అందులో 17వ నంబరు రకం, బంగారు వజ్రం అని పిలుస్తారు, బాగా పాకింది. పులుపు తక్కువ, మధ్యలో ఊచ కూడా తినొచ్చు. రైతులు కేయెన్ పీకేసి ఇది నాటారు. పుల్లగా, పీచుగా ఉండే ఆ పాత డబ్బా రకం అక్కడొకటి ఇక్కడొకటి మిగిలింది. దాన్ని అడిగేవాడు లేడు.

ఇప్పుడు మన బిళ్ళ దగ్గరికి తిరిగి వద్దాం. ఇక్కడే అసలు విషయం ఉంది.

దేశం నిండా అనాస పండుతోంది, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, మరి అనాస బిళ్ళలు చేసే బేకరీలన్నా ఆ కాయ కొన్నాయా అంటే, పెద్దగా లేదు. ఎన్నో ఏళ్ళు ఆ బిళ్ళల లోపలి పూర్ణం చాలావరకు బూడిద గుమ్మడిది! బూడిద గుమ్మడి తురిమి, నీళ్ళు పిండేసి, చక్కెరా పాకమూ పోసి ఉడికించి, దానికి కొంచెం అనాస కలిపేవాళ్ళు. కొందరు వాసన మాత్రమే కలిపేవాళ్ళు. పేరు అనాసది, కడుపులో గుమ్మడి.

ఇది మోసం అని గబుక్కున అనకండి. బేకరీవాడి లెక్క బేకరీవాడిది. కేయెన్ ఉడికిస్తే పులుపు ఎక్కువ, పీచు పళ్ళలో ఇరుక్కుంటుంది. గుమ్మడి మెత్తగా, ఎప్పుడూ ఒకేలాగా ఉంటుంది, చవక, కోశాక నెలల తరబడి నిలవుంటుంది. మెత్తటి పూర్ణానికే జనం అలవాటుపడ్డారు. గుమ్మడి రైతుకు అది మంచిదే అయింది. కానీ అనాస రైతుకు మాత్రం తన పంట పేరు మీద నడిచే వ్యాపారంలో తనకు వాటా లేదు.

2006లో రాజధాని తైపేలో నగరపాలక సంస్థ అనాస బిళ్ళల పండగ పెట్టింది. ఏ బేకరీ బాగా చేస్తుందో పోటీ. దాంతో బిళ్ళకు పేరు బాగా పెరిగింది. 2008 నుంచి చైనా యాత్రికులు గుంపులుగా రావడం మొదలైంది, పెట్టెలకు పెట్టెలు కొనుక్కుపోయారు. సరిగ్గా అదే సమయంలో నాన్‌టౌ జిల్లాలో బాగువా గుట్టల మీద, ఎర్రనేలలో అనాస పండే చోట, సన్నీ హిల్స్ అని ఒక చిన్న వ్యాపారం మొదలైంది. వాళ్ళు చేసిన పని ఒక్కటే. గుమ్మడి తీసేశారు. పూర్ణం మొత్తం అనాసతోనే, అదీ ఎవరూ అడగని ఆ పాత పుల్లటి రకంతోనే చేశారు.

విచిత్రం ఏమిటంటే, ఇదివరకు తప్పు అనుకున్నదే ఇప్పుడు గుణం అయింది. వెన్న పిండి తియ్యగా, జిడ్డుగా ఉంటుంది. దానికి లోపల పులుపు తగిలితేనే రుచి తేలుతుంది. పీచు ఉంటేనే తినేవాడికి ఇది నిజం కాయ అని తెలుస్తుంది. బంగారు వజ్రం లాంటి తీపి రకం పచ్చిగా తినడానికి బాగుంటుంది కానీ ఉడికిస్తే చప్పబడుతుంది. పాత రకం ఉడికినా తన పులుపు వదలదు. తర్వాత మిగతా బేకరీలూ అదే బాట పట్టాయి. 'నాటు అనాస బిళ్ళ' అని వేరే పేరే వచ్చింది. నాటు అంటున్నారు గానీ ఆ రకం హవాయి నుంచి వచ్చిందే, మన దగ్గర మిరపకాయ నాటుది అయిపోయినట్టు. పీకేసిన రకానికి మళ్ళీ పిలకలు వెతికి నాటించారు. ముందే మాట్లాడుకున్న రేటుకు వేయించుకునే ఒప్పందాలు వచ్చాయి. ఎర్లిన్ చెరకు రైతులు 1925లో అడిగిన మొదటి కోరిక గుర్తుంది కదా. కోతకు ముందే రేటు. అది ఒక బిళ్ళ పుణ్యాన కొంతమందికన్నా దొరికింది.

అంతా బాగుపడిపోయిందని కథ ముగించను. బిళ్ళలకు పోయేది పంటలో కొంత భాగమే. ఎక్కువ కాయ పచ్చిగానే అమ్ముడుపోవాలి. ఏడాదికి నాలుగు లక్షల టన్నుల పైన పండే దేశంలో పదో వంతు బయటికి పోయేది. ఆ పదో వంతులో నూటికి తొంభై చైనాకే. మళ్ళీ ఒక్కడే కొనుగోలుదారు! 2021 ఫిబ్రవరి చివర్లో, సరిగ్గా కోతలు మొదలయ్యే ముందు, మీ కాయల్లో పిండినల్లి ఉంది, మార్చి 1 నుంచి కొనం అని చైనా చెప్పేసింది. పిండినల్లి కారణం కాదు, రాజకీయమే కారణం అని తైవాన్ వాళ్ళు అన్నారు. కారణం ఏదైనా కాయ తోటలో మాగడం ఆగదు.

ఈసారి అక్కడి జనం, ప్రభుత్వం కలిసి కదిలారు. దేశ అధ్యక్షురాలు త్సాయ్ ఇంగ్ వెన్ అనాస తినండని పిలుపు ఇచ్చారు. 'స్వేచ్ఛా అనాస' అని పేరు పెట్టారు. కంపెనీలు తమ ఉద్యోగులకు పంచడానికి లారీల లెక్కన ఆర్డరు చేశాయి. హోటళ్ళు అనాసతో కూరలు, పులుసులు పెట్టాయి. అంతకు ముందు ఏడాది చైనా కొన్నంత సరుకుకు నాలుగు రోజుల్లోనే దేశంలో ఆర్డర్లు వచ్చాయని ప్రభుత్వం చెప్పింది. జపాన్ కూడా మునుపటికంటే కొన్ని రెట్లు ఎక్కువ కొన్నది. అదే ఏడాది సెప్టెంబరులో సీతాఫలానికీ ఇదే దెబ్బ తగిలింది, దానికి మాత్రం ఇంత సులువుగా దారి దొరకలేదు. అనాసను ఉడికించి ఏళ్ళ తరబడి అమ్ముతున్న పొయ్యిలు ఉన్నాయి, తినే అలవాటు ఉంది. సీతాఫలం రెండు రోజుల్లో పగిలిపోయే పండు, దాన్ని ఆదుకునే తినుబండారం లేదు. నాకు తోచిన తేడా ఇది.

ఇంకో మాట. ఇలాంటి బిళ్ళలు చెయ్యడానికి ఫ్యాక్టరీ అక్కర్లేదు. మలేసియా, సింగపూర్‌లలో ఇదే అనాస పూర్ణంతో చిన్న చిన్న ఉండలు, తెరిచిన పువ్వుల్లాంటి బిళ్ళలు ఇళ్ళల్లోనే చేస్తారు. చైనావాళ్ళు కొత్త సంవత్సరానికి, మలయా ముస్లింలు రంజాన్‌కు, మనవాళ్ళు దీపావళికి చేసి పంచుకుంటారు. పండగ ముందు ఇంట్లో చేసి డబ్బాల లెక్కన అమ్మే ఆడవాళ్ళు ఎంతోమంది. అక్కడ ఒకప్పుడు రబ్బరు మొక్కలు పాలు ఇచ్చే వయసు వచ్చేదాకా సాళ్ళ మధ్య అనాస వేసేవాళ్ళు, అంతరపంటగా. మన తెలుగువాళ్ళు కూలికి పోయిన రబ్బరు తోటల దేశమే అది. ఇండోనేషియాలో వీటిని నస్తార్ అంటారు. డచ్చి వాళ్ళు అనాసకు, పూర్ణం బిళ్ళకు వాడే రెండు మాటలు కలిసిపోయి ఆ పేరు వచ్చింది.

ఇంట్లో ఎలా చెయ్యాలో కూడా చెప్తా, పిల్లలు అడుగుతారు. చెక్కు, కళ్ళు తీసిన అనాస కిలో తీసుకుని తురమండి. రసం కొంచెం పిండి పక్కన పెట్టి తాగేయండి. తురుము మందపాటి బాణలిలో వేసి, నీరు ఇగిరాక నూటయాభై గ్రాముల చక్కెర వేసి, సన్న మంట మీద కలుపుతూ ఉండండి. మూడో వంతుకు దగ్గరపడి, చేత్తో ఉండ చేస్తే నిలబడాలి. గంట పడుతుంది, తొందరపడితే అడుగంటుతుంది. పూర్తిగా చల్లారాకే వాడాలి. పిండికి రెండు వందల గ్రాముల మైదా, నూట ముప్పై గ్రాముల వెన్న, నలభై గ్రాముల చక్కెర పొడి, ముప్పై గ్రాముల పాలపొడి, ఒక గుడ్డు పచ్చసొన. గుడ్డు తినని వాళ్ళు రెండు చెంచాల పాలు పొయ్యండి. పిసకొద్దు, ముద్ద అయ్యేదాకా కలిపితే చాలు. పదహారు ఉండలు చేసి, ఒక్కోదాంట్లో ఇరవై గ్రాముల పూర్ణం పెట్టి మూసేయండి. ఓవెన్ లేకపోతే పెద్ద గిన్నె అడుగున అంగుళం మందం ఇసుక పోసి, మూతపెట్టి పది నిమిషాలు బాగా కాగనిచ్చి, లోపల స్టాండు మీద పళ్ళెం పెట్టి, మధ్యస్తం మంట మీద అరగంట ఉంచండి. మధ్యలో ఒకసారి తిప్పండి. ఆ రోజు కంటే మరుసటి రోజు రుచి బాగుంటుంది, పూర్ణం చెమ్మ పిండికి పడుతుంది. మామిడి గుజ్జుతోనూ ఇదే పద్ధతి, కాకపోతే ఇంకా దగ్గరగా ఇగరాలి.

ఇది చదివి రేపటి నుంచి అందరం బిళ్ళలు కాల్చి బతుకుదామని చెప్పడం లేదు. పోయిన సంవత్సరాల సంగతి తెలుసు మీకు. 2025లో తోతాపురికి ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు అని ప్రకటించింది, ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. ఆ 8 చేతికి రావడానికి ఎవరు ఎన్ని రోజులు గేటు దగ్గర పడుకున్నారో, కాయ ఎంత రోడ్డు పక్కన పారబోశారో మీకే తెలుసు. ఆ కష్టం ఒక పొయ్యితో తీరదు.

కానీ తైవాన్ కథలో నాకు కనపడింది ఒక్కటి. వాళ్ళను దెబ్బతీసింది ప్రతిసారీ ఒకటే, కొనేవాడు ఒక్కడే ఉండడం. మొదట డబ్బా కంపెనీ, తర్వాత విదేశీ డబ్బా మార్కెట్టు, ఆ తర్వాత చైనా. కొంతన్నా నిలబెట్టింది కూడా ప్రతిసారీ ఒకటే, ఆ కాయకు ఇంకో వాడకం ఉండడం. అది కూడా కాయను బట్టి వచ్చింది. మార్కెట్టు వద్దన్న పుల్లటి రకంలో ఉన్న గుణం ఏమిటో ఎవరో పట్టుకున్నారు, తర్వాత రైతుతో ముందే రేటు మాట్లాడుకున్నారు.

గోదావరి జిల్లాల్లో మామిడి తాండ్ర వేసేవాళ్ళు మన కంటే ముందే ఈ పని చేశారు. మన తోతాపురికి కూడా పులుపు ఉంది, గట్టితనం ఉంది, కండ ఉంది. పల్ప్ డ్రమ్ము కాకుండా దానికి ఇంకేం దారులు ఉన్నాయి? మీ ఇంట్లో అమ్మ, అత్త ఆ కాయతో ఏం చేసేవాళ్ళు? ఎండబెట్టేవాళ్ళా, ఉడికించేవాళ్ళా, ఎన్ని నెలలు నిలవుండేది? తెలిసినవాళ్ళు కింద రాయండి. పద్ధతి, కొలత, ఎన్ని కిలోల కాయకు ఎంత సరుకు వచ్చిందో వివరంగా రాయండి. వచ్చిన వాటిని ఒకచోట చేర్చి, కోతలకు ముందే మళ్ళీ పోస్టు పెడతా. కోతలయ్యాక మాట్లాడుకుంటే లాభం లేదు.